అక్క రాసిన నోటుపుస్తకాలు

పోయిన నెలలో నెల్లూరులో ఒక కాలేజీ వాళ్ళు నన్ను ఉపన్యాసానికి పిలిచారు. నేను రిటైరై ఏడేళ్ళయింది. ఈ మధ్య నాకు ఫోన్ చేసేవాళ్ళు ముఖ్యంగా ఇద్దరే: గ్యాస్ సిలిండరు తెచ్చే మనిషి, ఆధార్ లింకు చేసుకోమని హెచ్చరించే బ్యాంకు అమ్మాయి. అందుకని ఆ కాలేజీ లైబ్రేరియన్, ముప్పై దాటని చురుకైన అమ్మాయి, "సార్, మా రీసెర్చి స్కాలర్లకు మీరొక గంట మాట్లాడాల" అనగానే విషయమేమిటని కూడా అడక్కుండా ఒప్పేసుకున్నాను. విషయం మర్నాడు వాట్సాప్‌లో వచ్చింది. రంగురంగుల పోస్టరు, దాని మీద జుట్టున్న కాలం నాటి నా ఫోటో, ఫోటో కింద పెద్ద అక్షరాల్లో "పరిశోధనలో నిజాయితీ". ఆ పోస్టరును నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ వెనకనుంచి తొంగిచూసి, "ఫోటో బాగానే ఉంది కదా, ఇంకా ఏం చూస్తున్నారు?" అంది. ఫోటోను చూడటం లేదని ఆమెకు చెప్పలేదు.

చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. మాది దొరవారిసత్రం వైపు, వరి పండించుకునే ఇల్లు. నేను లైబ్రరీ సైన్సులో పీజీ చేస్తానన్నప్పుడు మా నాయన పొలం గట్టు మీద నిలబడి, "పుస్తకాలకు కావిలి కాసేదానికి గూడా అంత సదువు సదవాల్నా?" అని అడిగాడు. చదువయ్యాక నెల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఒక కాలేజీలో లైబ్రేరియన్‌గా చేరాను. అక్కడి ప్రిన్సిపాల్ దృష్టిలో లైబ్రరీ అంటే అతిథులు వచ్చినప్పుడు టీ తాగడానికి కాస్త చల్లగా ఉండే గది. గాలిలో ఎప్పుడూ ఉప్పు. పుస్తకాలకు కొట్టిన పిన్నులు ఏడాది తిరక్కుండా తుప్పుపట్టి పేజీల మీద గోధుమరంగు మరకలు చేసేవి. ఒక వానాకాలం కేటలాగు కార్డుల సొరుగు లాగితే లోపల కప్ప కూర్చుని ఉంది. చరిత్ర విభాగంలో, సరిగ్గా మొగలుల దగ్గర.

నేను చేరేనాటికే అక్కడ ఒక అక్క ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. రోజూ అల్లూరు నుంచి బస్సులో వచ్చేది. వాళ్ళ నాయన కోర్టు కాగితాలూ బడి రిజిస్టర్లూ మసీదులోని గ్రంథాలూ బైండు చేసే పనివాడు. ఆ పని కూతురికి నేర్పి, తొమ్మిదో తరగతితో చదువు మానిపించాడు. కాలేజీ రికార్డుల్లో ఆమె హోదా "బైండరు, తాత్కాలికం". ఆ తాత్కాలికం నేను చేరేనాటికే నాలుగేళ్ళ పాతది. అందరూ ఆమెను బైండింగ్ అక్క అనేవాళ్ళు. నేనూ అక్కా అనే పిలిచేవాణ్ణి. ఆమె నన్ను సార్ అనేది.

ఆమె పని చూస్తూ నిలబడిపోయేవాణ్ణి. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపి, ఆ నీలిరంగు జిగురును వేలితో రుచి చూసినంత దగ్గరగా ముఖం పెట్టి వాసన చూసేది. దారానికి మైనం రాసి దబ్బనంతో పుస్తకం వెన్ను కుట్టేటప్పుడు ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఒక తుఫానులో లైబ్రరీలోకి మోకాలెత్తు నీళ్ళొచ్చాయి. నేను తలపట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. అక్క వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తాళ్ళు కట్టించి, తడిసిన పుస్తకాలను రేవులో చేపలు ఎండేసినట్టు వాటి మీద వేసింది. గంటకొకసారి పేజీల మధ్య పాత పేపర్లు మారుస్తూ పదిరోజుల్లో సగానికి పైగా బతికించింది. ఆ ఏడాది వార్షికోత్సవంలో పుస్తకాలను కాపాడినందుకు నన్ను సన్మానించారు. నేను దండ వేయించుకున్నాను. తర్వాత జరిగినదానికి అదే మొదలని ఇప్పుడు అనిపిస్తుంది.

కౌంటరు దగ్గర మనుషులు తక్కువ కాబట్టి బైండింగ్ పని లేనప్పుడు అక్క అక్కడ కూర్చునేది. ఆమె పక్కన ఒక నోటుపుస్తకం ఉండేది. ఏవో ఇంటి లెక్కలు రాసుకుంటోందనుకుని నేను పట్టించుకోలేదు. ఒకరోజు ఆమె భోజనానికి పోయినప్పుడు గాలికి అది తెరుచుకుంది. గుండ్రటి పెద్ద అక్షరాలు. చదివాను.

"సెకండ్ బీకాం పిల్లోడు. ఉద్యోగం పరీక్షల పుస్తకం అడిగినాడు. లేదు. పాతది ఇచ్చినా. ఏ సంవత్సరందో చూసి ఆడ్నే పెట్టేసినాడు."

"రొయ్యల చెరువాయన. రొయ్యకు తెల్లమచ్చ వస్తే ఏం చెయ్యాలని పుస్తకం ఉందా అన్నాడు. లేదు. జువాలజీలో రొయ్య బొమ్మ చూపించినా. నవ్వినాడు. ఆ నవ్వు బాగలేదు."

"ఇంటర్ పిల్ల. ఆడోళ్ళ శరీరం గురించి తెలుగులో పుస్తకం. అడిగేదానికి శానాసేపు పట్టింది. లేదు. రేపు రమ్మన్నా." దాని కింద వేరే సిరాతో, "రాలేదు."

భోజనం నుంచి వచ్చిన అక్క, నా చేతిలో నోటుపుస్తకం చూసి తప్పు చేసినదానిలా నిలబడింది. ఇదంతా ఎందుకు రాస్తున్నావని అడిగాను.

"ఊరికే సార్. పుస్తకం కోసరం వచ్చినోళ్ళను లేదు అని పంపించేస్తే మనసుకు బాగుండదు. రాసిపెట్టుకుంటే ఎప్పుడన్నా తెప్పించచ్చు గదా. మీకు ముందుండిన సార్‌కు చూపిస్తే, నీకేం పనిలేదా అన్నాడు."

నేనలా అనలేదు. ఆ మాత్రం నా గురించి చెప్పుకోవచ్చు. ఆ నోటుపుస్తకం చూసే ఆ ఏడాది కొత్త పుస్తకాలు కొన్నాను. ఉద్యోగ పరీక్షలవి, రొయ్యల పెంపకానివి, ఆడపిల్లల ఆరోగ్యం మీద తెలుగులో వచ్చినవి రెండు. లైబ్రరీకి జనం పెరిగారు. కొత్త లైబ్రేరియన్‌కు పిల్లల నాడి తెలుసని స్టాఫ్‌రూములో అనుకున్నారు. ఆ మాట నా చెవిన పడినప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. నవ్వి ఊరుకోవడంలో అబద్ధం లేదనుకున్నాను.

తర్వాత నాకు పీహెచ్‌డీ అవసరమైంది. పై స్కేలుకు పోవాలంటే అది ఉండాలి. ఉద్యోగం చేస్తూనే రిజిస్టరు చేసుకుని, అందరిలాగే నేనూ ప్రశ్నపత్రాలు అచ్చేయించి పాఠకులకు పంచాను. లైబ్రరీ గడప తొక్కని వాళ్ళు కూడా "చాలా సంతృప్తి" అన్న గడిలో టిక్కు పెట్టి ఇచ్చారు. ఒకతను "మీ సలహాలు" అన్నచోట "ఫ్యాను" అని రాశాడు. నా గైడు, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి మాట్లాడే పెద్దమనిషి, ఆ కట్టలన్నీ చూసి, "ఇందులో కొత్తదనం ఏదయ్యా?" అన్నారు. నెల్లూరుకు తిరిగొచ్చే రైల్లో, పులికాట్ వైపు కొంగలు లేస్తుంటే కిటికీలోంచి చూస్తున్న నాకు అక్క నోటుపుస్తకాలు గుర్తొచ్చాయి.

మర్నాడే అడిగాను. "అక్కా, నువ్వు రాసినవన్నీ ఒకసారి ఇస్తావా? చదువు కోసం కావాలి."

"ఆ పిచ్చిరాతలు మీ సదువుకెందుకు సార్?" అని నవ్వింది. కానీ మర్నాడు పాతచీర ముక్కలో మూటగట్టి తెచ్చింది. మొత్తం పదకొండు. ప్రతిదానికీ అట్ట తనే వేసి, వెన్ను కుట్టి ఉంది. "జాగ్రత్త సార్. మా ఇంటి సంగతులు గూడా యాడన్నా మధ్యలో రాసుకోనుంటా. అవి చదవబాకండి" అంది.

మూడేళ్ళు వాటితో పనిచేశాను. ఎవరికి ఏ పుస్తకం దొరకలేదో, ఎందుకు దొరకలేదో విడదీశాను. అసలు లేనివి, ఉన్నా వేరేవాళ్ళ దగ్గర ఉన్నవి, ఇంగ్లీషులో తప్ప తెలుగులో లేనివి. వీటన్నిటికంటే విలువైన ఇంకో విభజన అక్క ముందే చేసి పెట్టింది. కొన్ని రాతల పక్కన చిన్న సున్నా చుట్టేది. అదేమిటని అడిగితే, "వాళ్ళకు ఏం కావాల్నో వాళ్ళకే చెప్పేదానికి రాలేదు సార్. వచ్చి నిలబడి, ఏదో ఒకటి అడిగేసి పోయినారు. అడిగింది వేరే, కావాల్సింది వేరే" అంది. నా సిద్ధాంతగ్రంథంలో పరీక్షకులిద్దరూ ప్రత్యేకంగా మెచ్చుకున్నది ఆ సున్నాల అధ్యాయాన్నే. ఆ అధ్యాయంలో నాది భాష మాత్రమే.

మొదటి చిత్తుప్రతిలో నిజమే రాశాను: "ఈ రికార్డును గ్రంథాలయ బైండరు తన సొంత చొరవతో నిర్వహించింది." గైడుగారు ఆ వాక్యం కింద ఎర్రగీత గీశారు. "తొమ్మిదో క్లాసు చదివిన బైండరు రాసిన నోటుపుస్తకాన్ని ఆధారమంటే ఎగ్జామినర్లు ఊరుకుంటారా? నీ పర్యవేక్షణలో రాసిందని పెట్టు." రెండో ప్రతిలో "పరిశోధకుని పర్యవేక్షణలో గ్రంథాలయ సిబ్బంది నిర్వహించిన రికార్డు" అయింది. మూడో ప్రతి టైపు చేయిస్తున్నప్పుడు ఆయన పక్కన లేరు. నన్నెవరూ ఏమీ అడగలేదు. వాక్యం పొడుగైందని నేనే దాన్ని కుదించి, "పరిశోధకుడు నిర్వహించిన రికార్డు" అని చేశాను. అంతటితో ఆగలేదు. నేను ఉద్యోగంలో చేరకముందు రాసిన నోటుపుస్తకాలు నాలుగున్నాయి. వాటిని వాడితే తేదీలు నన్ను పట్టిస్తాయి. ఆ నాలుగింటినీ తీసి పక్కన పెట్టాను. ఏమరుపాటున జరిగిందని ఇన్నేళ్ళ జీవితంలో చాలావాటి గురించి చెప్పుకోగలను కానీ, దాని గురించి చెప్పుకోలేను.

కృతజ్ఞతల పేజీలో గైడుగారికీ ప్రిన్సిపాల్‌కూ అమ్మానాన్నలకూ మా ఆవిడకూ, ఆఖరికి టైపిస్టుకు కూడా చెప్పాను. మా ఆవిడ గ్రంథం మొత్తంలో చదివింది ఆ పేజీ ఒక్కటే, తన పేరు కోసం. చదివి, "అందరూ ఉన్నారే, మీ బైండింగ్ అక్క లేదేం?" అంది. "ఇలాంటివాటిలో వాళ్ళ పేర్లు వేయరు" అన్నాను. ఆ "వాళ్ళ" అన్న మాట నా నోటినుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ గ్రంథం అయిదు ప్రతులనూ బైండు చేసింది అక్కే. బయట ఇస్తే సరిగ్గా చేయరని తనే పట్టుబట్టింది. ముదురు ఎరుపు రెక్సిన్ తెప్పించుకుని రెండు రోజులు కూర్చుంది. ఆమె ఇంగ్లీషు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివేది, కానీ చదివేది. పట్టికల్లో తేదీలు ఆమెకు తెలిసినవే. అనుబంధంలో ఆమె రాసిన మాటలే తెలుగులో ఉన్నాయి, రొయ్యల చెరువాయనతో సహా. రెండోరోజు సాయంత్రం ఆమె నా బల్ల దగ్గరికి, కుట్టని కాగితాల కట్టతో వచ్చింది.

"సార్, పేజీలన్నీ ఉండాయా ఒకసారి చూసుకోండి. ఏదన్నా మిస్సయిందేమో. కుట్టేసినాక మళ్ళీ చేర్చేదానికి కాదు."

నేను కట్ట తీసుకుని పేజీల అంకెలు లెక్కపెట్టినట్టు నటించాను. "అన్నీ ఉన్నాయి అక్కా" అన్నాను. ఆమె కాసేపు నిలబడింది. తర్వాత కట్ట తీసుకుని వెళ్ళి కుట్టేసింది. అంత గట్టి బైండింగు నేను మళ్ళీ చూడలేదు. పాతికేళ్ళు దాటినా నా దగ్గరున్న ప్రతిలో ఒక్క పేజీ కదల్లేదు.

డాక్టరేటు వచ్చింది. పై స్కేలు వచ్చింది. దూరవిద్య కేంద్రంలో ఆదివారాలు లైబ్రరీ సైన్సు పాఠాలు చెప్పే అవకాశం కూడా వచ్చింది. పాఠకుడు అడిగిన మాట వెనక అడగని మాట ఉంటుందని, దాన్ని వినడమే లైబ్రేరియన్ పని అని బోర్డు మీద సున్నా చుట్టి మరీ చెప్పేవాణ్ణి. పిల్లలు శ్రద్ధగా రాసుకునేవాళ్ళు. ఆదివారం తాళాలు తీయడానికి వచ్చిన అక్క ఒక్కోసారి గుమ్మం దగ్గర నిలబడి వినేది. అప్పుడు నా గొంతు తగ్గేది.

అక్క రాయడం మానేసిందని నేను కొన్ని నెలల తర్వాత గానీ గమనించలేదు. కౌంటరు మీద నోటుపుస్తకం లేదు. "రాయడం లేదా అక్కా?" అని అడిగాను. "చూపు ఆనడంలా సార్" అంది. అప్పుడు ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒక్కసారికే ఎక్కింది.

ఆ తర్వాతి ఏడాది, ఏళ్ళ తరబడి తాత్కాలికంగా ఉన్నవాళ్ళను పర్మినెంటు చేయడానికి కమిటీ వచ్చింది. అర్హత లేకపోయినా, లైబ్రరీ పనిలో ప్రత్యేకమైన కృషి చేశారని విభాగాధిపతి చెబితే పరిశీలించవచ్చని ఒక వెసులుబాటు ఉంది. ముగ్గురు సభ్యులు. నేను పక్కన కూర్చున్నాను. అక్క ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి గుమ్మానికి ఇవతల నిలబడింది. సభ్యుల్లో ఒకాయన నా సిద్ధాంతగ్రంథం చదివాడట, ముందు దాన్ని పొగిడాడు. తర్వాత కాగితం చూసి నన్నడిగాడు: "ఈమెది బైండింగ్ పనే కదా. అది ఈ రోజుల్లో బయట చేయించుకుంటున్నారు. లైబ్రరీ పనిలో ఈమె ప్రత్యేకంగా చేసిందేమైనా ఉందా?"

ఒక్క వాక్యం చాలు. మీరు ఇప్పుడు పొగిడిన రికార్డు ఈమె రాసిందే అంటే అయిపోయేది. నా డాక్టరేటు ఏమయ్యేదో తెలియదు, బహుశా ఏమీ అయ్యేది కాదు. ఆ గదిలో ముగ్గురి ముందు ముఖం చెల్లకపోయేది, అంతే. అక్క నావైపు చూసింది. నేను ఫైలు వైపు చూస్తూ అన్నాను, "పాఠకులకు పుస్తకాలు వెతికిపెట్టడంలో సాయం చేస్తుంది సార్."

"సాయం సరేలెండి" అని ఆయన కాగితం తిప్పేశాడు.

ఆమెకు పర్మినెంటు కాలేదు. రెండేళ్ళు అలాగే వచ్చింది, ఎప్పటిలాగే సార్ అనే పిలిచింది, ఎప్పటిలాగే జిగురు కాచింది. కంప్యూటర్లు వచ్చి బైండింగు బయటికి ఇచ్చేశాక ఇక రావక్కర్లేదన్నారు. స్టాఫ్‌రూములో టీ, బిస్కెట్లు, ఒక గోడగడియారం ఇచ్చి పంపాం. నేను మాట్లాడుతూ ఆమె సేవలు మరువలేనివన్నాను. ఆ ఎండాకాలం పాతకాగితాలు తీసేసే జాబితా తయారైంది. పదకొండు నోటుపుస్తకాలు నా బీరువాలో ఉన్నాయి. వివరాలన్నీ గ్రంథంలో ఉన్నాయి కదా, చోటు దండగ అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి ఆ గుండ్రటి అక్షరాలు. ఎవరైనా తెరిస్తే అవి నావి కావని తెలిసిపోతుంది. పాత పేపర్లవాడి బండిలో కట్టలు ఎక్కుతుంటే నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. లైబ్రేరియన్‌గా నా సర్వీసు మొత్తంలో నేను చేతులారా నాశనం చేసిన పుస్తకాలు అవే.

ఇవన్నీ లోపల పెట్టుకుని, పోయిన నెల నెల్లూరు కాలేజీలో నిజాయితీ గురించి మాట్లాడటానికి లేచాను. లైబ్రేరియన్ అమ్మాయి నన్ను పరిచయం చేస్తూ, ఏళ్ళ తరబడి ప్రతి పాఠకుడి ముఖాన్నీ గమనించి రాసుకున్న పరిశోధకుడని చెప్పింది. నేను ఎత్తిరాతలను పట్టుకునే సాఫ్ట్‌వేర్ల గురించి, ఆధారాలు చూపడం గురించి నలభై నిమిషాలు మాట్లాడాను. చివర్లో వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. నా గ్రంథం అనుబంధం నిజంగానే చదివి వచ్చింది.

"సార్, 'నవ్వినాడు, ఆ నవ్వు బాగలేదు' అని రాసినారు గదా. ఆడపిల్ల అడిగేదానికి శానాసేపు పట్టిందని రాసినారు. అవన్నీ మీరెట్ట గమనించినారు సార్?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం నాకు చాతకాని పని కాదు. కానీ ఆ పిల్ల ఆ మాటలను అక్క రాసిన యాసలోనే పలికింది. "నేను గమనించలేదమ్మా," అన్నాను. "ఆ రికార్డు నేను రాసింది కాదు. మా లైబ్రరీలో బైండరుగా పనిచేసిన ఒకావిడ రాసింది. నేను నా పేరు పెట్టుకున్నాను."

ఇక ఏదైనా జరగనీ అనుకున్నాను. జరిగింది ఏమిటంటే, ప్రిన్సిపాల్ మైకు అందుకుని, "చూశారా, పెద్దవాళ్ళ వినయం అంటే ఇదీ! తన కింద పనిచేసిన చిన్న ఉద్యోగికి కూడా ఇంత గొప్ప స్థానం ఇస్తున్నారు" అన్నాడు. హాలంతా చప్పట్లు. నాకు శాలువా కప్పారు. దొంగతనం ఒప్పుకుంటే సన్మానం జరిగిన మనిషిని నేనొక్కణ్ణే అయ్యుంటాను. చప్పట్లు కొట్టనిది ఆ వెనక వరుస అమ్మాయి ఒక్కతే. మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఆమె ఇప్పుడు యాడుండారు సార్?" అని అడిగింది. తెలియదన్నాను. అన్నాక గానీ నాకు తట్టలేదు, ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నేను ఎవరినీ అడగలేదని.

అల్లూరు నాకేమీ దూరం కాదు. ఆ వారంలోనే బస్సెక్కాను. దారిపొడవునా ఒకప్పుడు వరిచేలున్న చోట రొయ్యల చెరువులు, నీళ్ళు చిలికే చక్రాలు. మసీదు పక్కన టీకొట్టులో బైండింగ్ అక్క అనగానే చేత్తో ఇల్లు చూపించారు. వరండాలో చాప మీద కూర్చుని ఎవరివో పొలం కాగితాలకు అట్ట వేస్తోంది. డెబ్బై ఏడేళ్ళుంటాయి. లావుపాటి కళ్ళద్దాలు. తలెత్తి, కాసేపు పోల్చుకుని, "లైబ్రరీ సారా? ఇంత ఎండన బడి వచ్చినారేంది!" అని లోపలున్న చెల్లెలిని పిలిచి కుర్చీ వేయించింది.

కూర్చున్నాను కానీ క్షేమసమాచారాలు అడగడానికి నోరు రాలేదు. నేరుగా చెప్పేశాను. "అక్కా, ఆ నోటుపుస్తకాలు నువ్వు రాసినవి. నేను రాసినట్టు చెప్పుకున్నాను."

"తెలుసు సార్" అంది, చేతిలో పని ఆపకుండా. "నేనే గదా కుట్టింది."

"మరి ఆ రోజే ఎందుకు అడగలేదక్కా?"

"అడిగితే మీరొక అబద్ధం చెప్పాల, నేనది వినాల. విన్నాక మళ్ళీ మీ దగ్గర పనెట్ట చేసేది?" అట్ట మీద కాగితం మడిచి గోటితో నొక్కింది. "కమిటీ వచ్చిన రోజు మాత్రం చూసినా సార్. చెప్తారేమోనని చూసినా."

నేను తల దించుకున్నాను. ఆమే మాట మార్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె గొంతులో ఏదో ఆశ. "సార్, ఆ పుస్తకాలు మీ దగ్గర ఉండాయా? ఆరో దాంట్లోనో ఏడో దాంట్లోనో మా నాయన పోయినప్పుడు రాసుకున్నా. ఆయన చివర్లో ఏమేం మాట్లాడినాడో రోజూ కౌంటరు కాడ కూర్చుని రాసినా. ఇప్పుడు సగం గ్యాపకం రావడంలా. ఒక్క తూరి చూసుకుని ఇచ్చేస్తా."

లేవని చెప్పాను. ఎలా లేకుండా పోయాయో, ఎందుకు పోయాయో కూడా చెప్పాను. మెత్తగా చెప్పడానికి వీల్లేని మాట అది. అక్క కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో తుడిచి పెట్టుకుంది. లేచి లోపలికి పోయింది. పొయ్యి మీద గిన్నె పెట్టిన చప్పుడు వినపడింది. తర్వాత టీ గ్లాసుతో వచ్చి నా ముందు పెట్టింది. పోనీలే సార్ అంటుందనుకున్నాను. అనలేదు.

టీ తాగి, బస్సులో తయారు చేసుకొచ్చిన మాట చెప్పాను. యూనివర్సిటీకి రాస్తానని, గ్రంథంలో ఆమె పేరు చేర్పిస్తానని, వాళ్ళు కాదంటే నేనే ఎక్కడైనా రాసి అచ్చేయిస్తానని.

"వొద్దు సార్."

"నీకు దక్కాల్సింది కదా అక్కా."

"అప్పుడు దక్కాల్సింది. ఇప్పుడు నా పేరు రాస్తే నాకేం వస్తాది? మీకు నిద్ర పడతాది. మీ నిద్ర కోసరం నా పేరెందుకు సార్?" కోపంగా అనలేదు, అంగడిలో వస్తువు వద్దన్నంత మామూలుగా అంది. "రాసుకుంటే మీరు చేసింది రాసుకోండి. నా పేరు మాత్రం పెట్టబాకండి." ఆ తర్వాత గోడ మీది గడియారం చూసి, "రెండున్నరకు బస్సుండాది. అది తప్పితే మళ్ళీ నాలుగు దాకా లేదు" అంది.

బస్సుకే లేచాను. ఆమె గుమ్మం దాకా రాలేదు. మళ్ళీ దబ్బనం తీసుకుంది.

యూనివర్సిటీకి రాశాను, ఆమె పేరు లేకుండా, నేను చేసినంత వరకే. విషయం పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. వాళ్ళేం చేస్తారో తెలియదు, చేసినా అల్లూరులో ఆ వరండాకు దానితో పని లేదు. ఒక్క పంక్తిలో ఆమె పేరు రాస్తే సరిపోయే రోజుల్లో నేను రాయలేదు. ఇప్పుడిన్ని పేజీలు రాసి కూడా ఎక్కడా రాయకూడదు. నిజం చెప్పడానికి కూడా ఒక గడువుంటుందని, అది దాటిపోయిన రోజున మనకెవరూ కబురు చేయరని తెలుసుకోవడానికి నాకు అరవై ఏడేళ్ళు పట్టింది.